పడేది ఒకచోట, తప్పు ఇంకోచోట: 387 నాటి జ్ఞాపకాలు

డాస్‌లో సీ ప్రోగ్రాములు రాసుకునే టర్బో సీ నీలం తెర మీద పనిచేసినవాళ్లకు ఆల్ట్ ఎఫ్5 గుర్తుండే ఉంటుంది. ప్రోగ్రాం నడపడానికి కంట్రోల్ ఎఫ్9 కొట్టగానే తెర ఒక్క క్షణం నల్లగా మారి మళ్లీ నీలంలోకి వచ్చేసేది. లోపల ఏం జరిగిందో చూడాలంటే ఆల్ట్ ఎఫ్5 కొట్టాలి. అక్కడ లెక్క జవాబు ఉండాల్సిన చోట ఒక్కోసారి ఒకే ఒక్క వరస కనిపించేది: "ఫ్లోటింగ్ పాయింట్ ఎర్రర్: స్టాక్ ఫాల్ట్". ఏ ఫైలో, ఏ వరసో చెప్పేది కాదు. ప్రోగ్రాం మొత్తం వెతికినా తప్పు కనిపించేది కాదు. పైగా నిన్న నడిచిన ప్రోగ్రామే ఈ రోజు పడేది.

మన ఇంజనీరింగ్, ఎంసీఏ ల్యాబుల్లో ఎక్కువమందికి మొదట ఎదురైంది దీని చుట్టం ఒకటి: "స్కాన్ఎఫ్: ఫ్లోటింగ్ పాయింట్ ఫార్మాట్స్ నాట్ లింక్డ్". స్ట్రక్చర్ల అరేలోకి జీతమో మార్కుల సగటో నేరుగా చదివించబోతే వచ్చేది. దానికి కారణం తేలిక. ఈఎక్స్ఈ ఫైలు చిన్నగా ఉండాలని, అవసరం లేదనుకున్న దశాంశాల కోడ్‌ను లింకర్ (కోడ్ ముక్కలన్నిటినీ కలిపి ఈఎక్స్ఈ తయారుచేసేది) వదిలేసేది. స్ట్రక్చర్‌లోని ఫ్లోట్ అడ్రస్ ఒక్కటే కనిపిస్తే అవసరం ఉందన్న సంగతి దానికి అందేది కాదు. ఎక్కడైనా ఒక ఫంక్షన్‌లో ఉత్తుత్తి ఫ్లోట్ వేరియబుల్ పెట్టి, దాని అడ్రస్ తీసుకుని వాడితే సరిపోయేది. కారణం తెలియకపోయినా ఆ నాలుగు వరసలూ రికార్డు నోట్‌బుక్కుల్లో ఒకరి నుంచి ఒకరికి పాకాయి. ప్రాసెసర్‌కు ఆ గొడవతో ఏ సంబంధమూ లేదు. స్టాక్ ఫాల్ట్ మాత్రం ప్రాసెసర్ లోపలి వ్యవహారం. దాన్ని పట్టుకోవాలంటే ఆ చిప్ ఎలా పనిచేస్తుందో తెలియాలి. తెలిశాక దాని మీద ఇష్టం కూడా పుడుతుంది.

1980లో ఇంటెల్ 8087 వచ్చింది, సీపీయూకు తోడుగా దశాంశాల (ఫ్లోటింగ్ పాయింట్) లెక్కలు చేసిపెట్టే కోప్రాసెసర్. తర్వాత 287, 1987లో 387. అప్పటిదాకా ఇది మదర్‌బోర్డు మీద వేరే సాకెట్‌లో కూర్చునే చిప్. చాలా మెషీన్లలో ఆ సాకెట్ ఖాళీగానే ఉండేది. 1989లో వచ్చిన 486 దాన్ని లోపలికి కలుపుకుంది. ఎస్ఎక్స్ రకంలో మాత్రం కోప్రాసెసర్ ఉండేది కాదు. అన్నిటిలోనూ అమరిక ఒకటే: 80 బిట్ల రిజిస్టర్లు ఎనిమిది, ఆర్0 నుంచి ఆర్7 దాకా. వాటిని పేరు పెట్టి నేరుగా వాడుకోలేం, ఒకదాని మీద ఒకటి పేర్చి పైనుంచే తీసే స్టాక్‌లాగే వాడాలి. ఎఫ్ఎల్‌డీ అంటే పైన ఒకటి పెట్టడం, ఎఫ్ఎస్‌టీపీ అంటే పైనున్నది తీసి మెమరీలో దాచడం. వీటికి తోడు 16 బిట్ల పదాలు మూడు. ఏ తప్పుకు ఆగాలో, దేన్ని చూసీచూడనట్టు వదలాలో కంట్రోల్ వర్డ్ చెబుతుంది. ఇప్పటిదాకా ఏ తప్పులు జరిగాయో స్టేటస్ వర్డ్‌లో ఉంటుంది. ఏ రిజిస్టర్ నిండుగా ఉంది, ఏది ఖాళీ అన్నది ట్యాగ్ వర్డ్‌లో ఉంటుంది. నా లెక్కలో ఈ మూడింటిలో అందరూ మర్చిపోయేది, అసలు దొంగను పట్టించేది ట్యాగ్ వర్డే.

పడిన చోట తప్పు ఎందుకు ఉండదంటే, కోప్రాసెసర్ తన పని తాను చేసుకుంటుండగా సీపీయూ ముందుకు సాగిపోతుంది. ఒక భాగహారం లోపల నడుస్తుండగానే సీపీయూ లూప్ కౌంటర్ పెంచేస్తుంది, అడ్రస్‌లు లెక్కకట్టేస్తుంది. భాగహారంలో తప్పు జరిగితే కోప్రాసెసర్ స్టేటస్ వర్డ్‌లో జెండా ఎత్తి ఊరుకుంటుంది. తర్వాతి ఫ్లోటింగ్ పాయింట్ ఆదేశమో, కోప్రాసెసర్ పని ముగిసేదాకా ఆగమనే ఎఫ్‌వెయిటో వచ్చినప్పుడే సీపీయూ ఆ జెండా చూసి ఆగుతుంది. ఆ తర్వాతి ఆదేశం వేరే ఫంక్షన్‌లో ఉండొచ్చు, ఒక్కోసారి వేరే ఫైల్లో కూడా. పాపం చేసింది ఒకరు, దొరికింది ఇంకొకరు.

ఐబీఎం ఏటీ తరహా మెషీన్లలో ఇంకో మెలిక ఉండేది. ఈ తప్పు కోసం ఇంటెల్ 16వ నంబర్ ఎక్సెప్షన్‌ను (తప్పు జరిగిందని ప్రాసెసర్ ఇచ్చే కబురును) కేటాయించింది. పీసీ బయాస్ మాత్రం అదే నంబర్‌ను అప్పటికే వీడియో సేవలకు వాడేసుకుంది. అందుకని కోప్రాసెసర్ తప్పు తీగను తీసుకెళ్లి ఇంటరప్ట్ కంట్రోలర్‌కు, ఐఆర్‌క్యూ 13కు కలిపారు. తప్పు కబురు చుట్టు తిరిగి వచ్చేది. 486లో సీఆర్0 రిజిస్టర్‌లో ఎన్ఈ అనే బిట్ వచ్చింది. దాన్ని 1 చేస్తే 16వ ఎక్సెప్షనే నేరుగా వస్తుంది, 0 ఉంచితే పాత చుట్టుదారే. పాత లైనక్స్ బూట్ అవుతుంటే "చెకింగ్ 386/387 కప్లింగ్" అని ఒక వరస దొర్లేది, ఆ వెంటనే ఎక్సెప్షన్ 16 వాడుతున్నామని రాసేది. ఈ రెండు దారుల్లో ఏది పనిచేస్తుందో ఒక భాగహారం చేసి చూసుకునేది.

వెతకడం మొదలుపెట్టేది ఎఫ్ఎన్ఎస్‌టీఈఎన్‌వీ ఆదేశంతో. అది కోప్రాసెసర్ పరిస్థితి మొత్తాన్ని మెమరీలోకి దింపుతుంది: డాస్ రియల్ మోడ్‌లో 14 బైట్లు, 32 బిట్ల మోడ్‌లో 28. 28 బైట్ల అమరికలో మొదట కంట్రోల్ వర్డ్, 4వ బైట్ దగ్గర స్టేటస్, 8 దగ్గర ట్యాగ్, 12 దగ్గర చివరి ఫ్లోటింగ్ పాయింట్ ఆదేశం అడ్రస్, 20 దగ్గర ఆ ఆదేశం ముట్టుకున్న డేటా అడ్రస్ ఉంటాయి. ఆ 12వ బైట్ దగ్గరుండేదే నిజమైన నేరస్థలం. డీబగ్గర్ చూపించే ఇన్‌స్ట్రక్షన్ పాయింటర్‌ను పక్కనపెట్టి దీన్ని చదవాలి. ఎఫ్ఎన్‌క్లెక్స్ (జెండాలు దించేది), ఎఫ్ఎల్‌డీసీడబ్ల్యూ (కంట్రోల్ వర్డ్ ఎక్కించేది) లాంటి కంట్రోల్ ఆదేశాలు ఈ అడ్రస్‌ను చెరపవు కాబట్టి నమ్మొచ్చు.

ఇక్కడ రెండు జాగ్రత్తలు. పేరులో ఎన్ ఉన్న రూపాన్నే వాడాలి. ఎన్ లేని రూపం ముందు ఎఫ్‌వెయిట్ చేస్తుంది, అక్కడే పాత జెండా పేలి మన పరీక్ష కోడే పడిపోతుంది. రెండోది, ఎఫ్ఎన్ఎస్‌టీఈఎన్‌వీ పరిస్థితిని దాచి ఊరుకోదు, అన్ని ఎక్సెప్షన్లనూ మాస్క్ చేసేస్తుంది, అంటే చూసీచూడనట్టు వదిలేలా పెట్టేస్తుంది. దాచిన కంట్రోల్ వర్డ్‌ను మళ్లీ ఎఫ్ఎల్‌డీసీడబ్ల్యూతో ఎక్కించకపోతే, పరీక్ష పెట్టిన దగ్గర్నుంచి ప్రోగ్రాం పడదు! తప్పు మాయమైందనుకుని పరీక్ష తీసేస్తే మళ్లీ పడుతుంది.

డాస్‌లో ఆ అడ్రస్ 20 బిట్ల నేరు అడ్రస్‌గా దొరుకుతుంది. పీఎస్‌పీ (ప్రోగ్రాం ముందు డాస్ పెట్టే సమాచారపు ముక్క) సెగ్మెంట్‌కు 16 కలిపి, వచ్చినదాన్ని 16తో గుణించి, దాన్ని ఈ అడ్రస్‌లోంచి తీసేస్తే లింకర్ ఇచ్చిన మ్యాప్ ఫైల్‌తో సరిపోల్చుకోవచ్చు. టర్బో డీబగ్గర్ ఉంటే ఇంత అవసరం లేదు. వ్యూ మెనూలో న్యూమరిక్ ప్రాసెసర్ అనే కిటికీ తెరిస్తే ఎనిమిది రిజిస్టర్లు, మాస్క్ బిట్లు, జెండాలు అన్నీ వరసగా కనిపించేవి. విజువల్ సీ 6లో రిజిస్టర్ల కిటికీ మీద కుడి క్లిక్ చేసి ఫ్లోటింగ్ పాయింట్ రిజిస్టర్లను ఎంచుకోవాల్సి వచ్చేది. చాలామంది వాటి మొహం చూసి ఉండరు.

ఇప్పుడు స్టాక్ ఫాల్ట్‌ను దగ్గర్నుంచి చూద్దాం. ఒక ఫైల్లో కలుపు అనే ఫంక్షన్ ఉందనుకోండి. డబుల్ (దశాంశాల సంఖ్య) తీసుకుని మొత్తానికి కలిపి, ఆ మొత్తాన్నే డబుల్‌గా తిరిగిస్తుంది. ఇంకో ఫైల్లో లూప్‌లో దాన్ని పిలుస్తున్నాం, తిరిగొచ్చిన విలువ అక్కర్లేదు కాబట్టి పట్టించుకోవట్లేదు. ఫంక్షన్ ఏం తీసుకుంటుందో, ఏం తిరిగిస్తుందో ముందే చెప్పే వరస, అంటే ప్రోటోటైప్, రాయలేదు. సీలో ప్రోటోటైప్ లేని ఫంక్షన్ ఇంట్ (పూర్ణాంకం) తిరిగిస్తుందని కంపైలర్ అనుకుంటుంది. ఇంట్ అయితే ఏఎక్స్‌లో వస్తుంది, వదిలేస్తే చాలు. డబుల్ మాత్రం కోప్రాసెసర్ స్టాక్ పైన వస్తుంది, అక్కర్లేకపోయినా ఎవరో ఒకరు తీసేయాలి. ప్రోటోటైప్ ఉంటే కంపైలర్ తీసేసే ఆదేశం తనే పెడుతుంది. లేదు కాబట్టి పెట్టదు. ప్రతి పిలుపుకూ ఒక విలువ లోపలే మిగిలిపోతుంది.

ట్యాగ్ వర్డ్‌లో ఒక్కో రిజిస్టర్‌కు రెండేసి బిట్లు: 11 అంటే ఖాళీ, 00 అంటే మామూలు విలువ, 01 అంటే సున్న, 10 అంటే ఎన్ఏఎన్ (సంఖ్యే కాని విలువ), అనంతం లాంటివి. ఎడమ చివర ఆర్7. మొదట అంతా ఖాళీ:

11 11 11 11 11 11 11 11

ఒక పిలుపు తర్వాత:

00 11 11 11 11 11 11 11

మూడు పిలుపుల తర్వాత:

00 00 00 11 11 11 11 11

ఎనిమిది తర్వాత:

00 00 00 00 00 00 00 00

ఇక జాగా లేదు. తర్వాత వచ్చే ఎఫ్ఎల్‌డీ ఎవరిదైనా సరే, దానికే దెబ్బ. స్టేటస్ వర్డ్‌లో చెల్లని లెక్కకు గుర్తైన ఐఈ జెండాతో పాటు 6వ బిట్, అంటే స్టాక్ ఫాల్ట్ బిట్ కూడా లేస్తుంది. అదే వర్డ్‌లోని సీ1 బిట్ 1 అయితే నిండిపోయి పొంగింది, 0 అయితే ఖాళీ స్టాక్‌లోంచి తీయబోయారు. ఈ రెండోది తిరగబడిన కేసు: ఫంక్షన్ ఇంట్ ఇస్తుంటే పిలిచేవాడు డబుల్ అని డిక్లేర్ చేసుకోవడం. 6వ బిట్ 387తోనే వచ్చింది. 8087, 287ల్లో అది లేదు, ట్యాగులు చూసి మనమే తేల్చుకోవాలి.

"నిన్న నడిచింది, ఈ రోజు పడింది" అనేదానికి జవాబు ఇందులోనే ఉంది. డేటా ఫైల్లో ఐదు వరసలుంటే ఐదు రిజిస్టర్లు నిండి మూడు మిగులుతాయి, మామూలు లెక్కలకు మూడు చాలు. ఏడు వరసలుంటే ఒకటే మిగులుతుంది. రెండు రిజిస్టర్లు కావాల్సిన చిన్న సమీకరణం వచ్చినా పడుతుంది. సరిగ్గా ఎనిమిదైతే లూప్ సాఫీగా ముగిసిపోయి, ఎక్కడో దూరంగా ఫలితం అచ్చువేసే ప్రింట్ఎఫ్ దగ్గర పడుతుంది. జనం ప్రింట్ఎఫ్‌ను అనుమానించి గంటలు పోగొట్టుకునేవాళ్లు. ఫైలు పేరు చివర సీపీపీ అని ఉంటే ఈ తప్పు కంపైలే అయ్యేది కాదు, ప్రోటోటైప్ ఉండాలని ఎర్రర్ ఇచ్చేది. సీ అని ఉంటే ఒట్టి వార్నింగ్. ప్రోగ్రాం పడితే మొదట వార్నింగుల్లో ప్రోటోటైప్ అన్న మాట ఉందేమో చూడమనేవాళ్లు పాతవాళ్లు. ఫంక్షన్‌ను తప్పుగా డిక్లేర్ చేసినా ఈ ఎర్రర్ వస్తుందని బోర్లాండ్ మాన్యువల్లోనే రాసి ఉండేది.

పెద్ద ప్రోగ్రాంలో ఏ పిలుపు మిగులుస్తోందో కనుక్కోవడానికి మంచి పద్ధతి సగానికి కోయడమే. ఎఫ్ఎన్ఎస్‌టీఈఎన్‌వీ చేసి, ట్యాగ్ వర్డ్ మొత్తం 1లేనా అని చూసి, కంట్రోల్ వర్డ్ తిరిగి ఎక్కించే చిన్న రొటీన్ ఒకటి అసెంబ్లీలో రాసుకోవాలి. ఒక స్టేట్‌మెంట్ ముగిసి ఇంకోటి మొదలయ్యే చోట స్టాక్ ఖాళీగా ఉండాలి. ఆప్టిమైజేషన్ ఆపి కంపైల్ చేస్తే ఇది నమ్మకంగా నిలుస్తుంది. మెయిన్ మధ్యలో ఒకసారి పిలవండి. ఖాళీగా లేకపోతే పై సగం, ఉంటే కింది సగం. కాసేపట్లో ఆ ఒక్క వరస దగ్గరికి వచ్చేస్తారు.

విండోస్ రోజులొచ్చేసరికి రూపం మారింది. మైక్రోసాఫ్ట్ కంపైలర్ కంట్రోల్ వర్డ్‌ను 027ఎఫ్ పెట్టి మొదలుపెట్టేది: ఆరు ఎక్సెప్షన్లూ మాస్క్, 53 బిట్ల ఖచ్చితత్వం. అప్పుడు స్టాక్ పొంగినా ప్రోగ్రాం ఆగదు, ఆ రిజిస్టర్‌లో ఎన్ఏఎన్ పడుతుంది. అచ్చువేస్తే "-1.#ఐఎన్‌డీ" అని కనిపించేది. అది ఏ లెక్కలో కలిస్తే ఆ లెక్క కూడా ఎన్ఏఎనే. చివరికి ఎక్కడో దాన్ని పూర్ణాంకంగా మార్చి అరే ఇండెక్స్‌గా వాడతారు. 32 బిట్ల మార్పిడి అయితే -2147483648 వస్తుంది, ఒక్కో గడి ఒక్క బైట్ ఉండే అరేలో ఆ అడ్రస్ ముట్టుకోగానే యాక్సెస్ వయొలేషన్. ఇప్పుడిక చూసేవాళ్లకు ఇది మెమరీ తప్పులా కనిపిస్తుంది, దశాంశాల ఊసే ఉండదు. అందుకే పడిపోయిన చోట రిజిస్టర్లలో 80000000 అనే హెక్స్ విలువ కనిపిస్తే మొదట ఎన్ఏఎన్‌ను అనుమానించాలి. అదే కంపైలర్ మామూలుగా వాడే మార్పిడి రొటీన్ 64 బిట్లకు మార్చి కింది సగం తీసుకునేది. ఆ దారిలో వస్తే కింది సగం సున్న. ప్రోగ్రాం పడదు, అరేలో మొదటి గడి నిశ్శబ్దంగా పాడవుతుంది. నన్నడిగితే పడిపోవడమే నయం.

1997లో పెంటియం ఎంఎంఎక్స్ వచ్చాక ఇదే తప్పు కొత్త దారిలో వచ్చింది. బొమ్మలు, శబ్దాల పనుల కోసం చేర్చిన ఎంఎంఎక్స్ ఆదేశాలకు కొత్త రిజిస్టర్లంటూ లేవు, ఈ ఎనిమిదినే వాడుకుంటాయి. ఏ ఎంఎంఎక్స్ ఆదేశం నడిచినా ఎనిమిదీ నిండినట్టు గుర్తు పడుతుంది. పని ముగిశాక ఈఎంఎంఎస్ అనే ఆదేశం ఇస్తేనే మళ్లీ ఖాళీ అవుతాయి. అది మర్చిపోతే ఆ తర్వాతి మొదటి ఎఫ్ఎల్‌డీకే స్టాక్ పొంగుతుంది. బొమ్మలు గీసే కోడ్ చేసిన తప్పుకు వడ్డీ లెక్కో త్రికోణమితో పడేది. ప్రోటోటైప్ తప్పుకూ దీనికీ తేడా పట్టడం తేలిక. అందులో ట్యాగులు ఒక్కొక్కటిగా నిండుతాయి, ఇందులో ఒక్క దెబ్బతో ఒక్క ఖాళీ కూడా మిగలదు. పైగా ఎంఎంఎక్స్ రాసిన రిజిస్టర్లలో ఘాతం బిట్లన్నీ 1లు కాబట్టి డీబగ్గర్‌లో అవి ఎన్ఏఎన్‌లా కనిపిస్తాయి.

కంట్రోల్ వర్డ్ మారిపోవడం వల్ల వచ్చే క్రాష్‌లు ఇంకో జాతి. డెల్ఫీ అనే ప్రోగ్రామింగ్ సాధనంతో చేసిన ప్రోగ్రాం కంట్రోల్ వర్డ్‌లో 1332 అనే హెక్స్ విలువతో మొదలయ్యేది. అందులో చెల్లని లెక్క, సున్నాతో భాగహారం, జవాబు పట్టనంత పెద్దదవడం అనే మూడింటికీ మాస్క్ లేదు. అన్నీ మాస్క్ చేసి పరీక్షించిన డీఎల్ఎల్‌ను (వేరేవాళ్లు రాసిచ్చిన కోడ్ ఫైలును) డెల్ఫీ ప్రోగ్రాం నుంచి పిలిస్తే, వాళ్ల దగ్గర ఎన్నడూ పడని డీఎల్ఎల్ ఇక్కడ పడుతుంది. తిరగేసి చూస్తే, డీఎల్ఎల్ లోడవుతూ తన కంట్రోల్ వర్డ్‌ను ఎక్కించేసి పిలిచినవాడి మాస్కులు మార్చేస్తుంది. ప్రింటర్ డ్రైవర్లలో కూడా ఇది జరిగేది, ప్రింట్ తీసిన తర్వాతే ప్రోగ్రాం పడటం దీనికి గుర్తు. మందు ఏమిటంటే, బయటి కోడ్‌ను పిలిచే ముందు కంట్రోల్ వర్డ్ దాచుకుని, 133ఎఫ్ పెట్టి, తిరిగొచ్చాక ఎఫ్ఎన్‌క్లెక్స్ చేసి, ఆ తర్వాతే పాతది ఎక్కించాలి. ఈ వరస మార్చకూడదు. జెండా ఎత్తి ఉండగా మాస్క్ తీసేస్తే ఎప్పుడో జరిగిపోయిన తప్పు తర్వాతి ఆదేశం మీద పేలుతుంది. కంట్రోల్ వర్డ్ విలువ చూసుకోవడానికి _కంట్రోల్87 అనే లైబ్రరీ ఫంక్షన్ వాడితే ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. టర్బో సీలో అది అసలు బిట్లనే ఇచ్చేది. మైక్రోసాఫ్ట్ కంపైలర్‌లో తన సొంత గుర్తుల్లోకి మార్చి 9001ఎఫ్ లాంటిది ఇస్తుంది. రెండింటినీ పక్కపక్కన పెట్టి పోల్చకూడదు.

పెంటియం అనగానే అందరికీ గుర్తొచ్చే భాగహారం తప్పు ఈ జాతిది కాదు, అయినా దాటిపోలేం. 1994లో అమెరికాలో లించ్‌బర్గ్ కాలేజీ గణిత ఆచార్యుడు థామస్ నైస్‌లీ దాన్ని బయటపెట్టారు. భాగహారానికి చిప్‌లో ఉన్న పట్టికలో ఐదు గళ్లు ఖాళీగా ఉండిపోయాయి. 4195835ను 3145727తో భాగిస్తే 1.333820449 రావాలి, ఆ చిప్‌ల్లో 1.333739068 వచ్చేది. ప్రోగ్రాం పడేది కాదు, జెండా లేచేది కాదు, అంకెలు మాత్రం తప్పు. ఆ డిసెంబర్‌లో అడిగినవాళ్లందరికీ చిప్ మార్చి ఇస్తామని ఇంటెల్ ప్రకటించింది. దానికి 47.5 కోట్ల డాలర్లు పక్కన పెట్టింది. ఆ తర్వాత కొన్నాళ్లు ప్రతి దశాంశ తప్పుకూ చిప్‌నే నిందించడం అలవాటైంది. ఒక్క భాగహారంతో తేలిపోయే అనుమానం అది, ముందే చేసేస్తే అసలు వెతుకులాటకు టైం మిగిలేది.

ఈ స్టాక్ ఫాల్ట్‌ను కళ్లారా చూడాలంటే పాత మెషీన్ అక్కర్లేదు. లైనక్స్‌లో పైన చెప్పిన రెండు ఫైళ్లను జీసీసీ కంపైలర్‌తో -ఎం32, -ఎంఎఫ్‌పీమ్యాత్=387, -ఓ0, -ఎస్‌టీడీ=జీఎన్‌యూ89 అని పెట్టి కంపైల్ చేయండి. ఆ చివరిది లేకపోతే జీసీసీ 14 నుంచి ప్రోటోటైప్ లేని పిలుపును ఒప్పుకోదు. జీడీబీ డీబగ్గర్‌లో లూప్ లోపల ఆపి, ప్రతి చుట్టుకూ "ఇన్ఫో ఫ్లోట్" కొట్టండి. ఆర్7 నుంచి కిందికి ఒక్కొక్కటీ "వ్యాలిడ్" అవుతూ పోతుంది. ఎనిమిదీ నిండాక కలుపు లెక్కకట్టే మొత్తం "-ఎన్ఏఎన్" అయిపోతుంది. పడేలా చూడాలంటే మెయిన్ మొదట్లో ఎఫ్ఈఎనేబుల్ఎక్సెప్ట్‌తో చెల్లని లెక్క మాస్క్ తీసేయండి, ఎస్ఐజీఎఫ్‌పీఈ అనే సిగ్నల్ వచ్చి ప్రోగ్రాం పడుతుంది. 64 బిట్లలో డబుల్ ఎక్స్ఎంఎం0 అనే వేరే రిజిస్టర్‌లో తిరిగొస్తుంది కాబట్టి ఏదీ మిగలదు. కలుపు తిరిగిచ్చేదాన్ని లాంగ్ డబుల్‌గా మార్చండి. అది అక్కడ కూడా ఇదే స్టాక్ పైన వస్తుంది, ట్యాగులు మళ్లీ అదే వరసలో నిండుతాయి.